పొట్టేళ్ళు గెలిచిన చలికాలం

మా అమ్మాయిని కాలేజీలో దింపడానికి అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం సూలార్డ్ పేట మీదుగా కారు నడుపుతూ అద్దం కిందికి దించాను. ఆన్‌హైజర్-బుష్ బీరు కర్మాగారం నుంచి మాల్టు ఉడుకుతున్న వాసన ఒక్కసారిగా కారు నిండా పరచుకుంది. నేను బీరు తాగేవాణ్ణి కాను, అయినా ఆ వాసనను మరచిపోవడం నా వల్ల కాలేదు. మా పశ్చిమ గోదావరిలో ఉప్పుడు బియ్యపు మిల్లు పక్కనుంచి నడిచినవాళ్ళకు తెలిసిన వాసనకు అది దగ్గరి చుట్టం. ఉడికిన ధాన్యం, తడి గోనె, కొంచెం తీపి, కొంచెం పులుపు కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇరవైల వయసులో, 1999లో, ఆ ఊళ్ళో అడుగుపెట్టిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి దిగులుపడిన ప్రతిసారీ నేను ఆ వీధిలోకే వచ్చి నిలబడేవాణ్ణి.

అమ్మాయి ముక్కు మూసుకుంది. నేను కారు పక్కకు ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ వాసనతో పాటు ఒక చలికాలం, ఒక ముసలాయన, నీలం పసుపు రంగుల దుస్తులు వేసుకున్న ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కూడా వచ్చి పక్కన కూర్చున్నట్టయింది.

* * *

అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటరు భాష నేర్చుకొని, వైటూకే పుణ్యమా అని అమెరికా చేరిన వేలమంది తెలుగు కుర్రాళ్ళలో నేనొకణ్ణి. ఏడాదిని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములు 99 తరువాత వచ్చే 00ను 1900గా పొరబడకుండా సరిచేయడమే మా పని. సరిచేసినవాటిని పరీక్షించడానికి యంత్రంలోని తేదీని ముందుకు తిప్పాలి. మామూలు పనిదినాల్లో ఆ పని చేయనివ్వరు కాబట్టి ఆదివారాలన్నీ నాకు ఆఫీసులోనే గడిచేవి.

యంత్రాల గది ఎప్పుడూ చల్లగా ఉండేది. ఎత్తుగా కట్టిన పలకల నేల కింద నుంచి ఏసీ హోరు వినిపించేది, అప్పుడప్పుడు లైన్ ప్రింటరు రేకు షెడ్డు మీద వడగళ్ళ వాన పడ్డట్టు మోగేది. ఆ గదిలో ఆదివారం షిఫ్టు చూసే ఆపరేటరు అరవై దాటిన మనిషి. మేము మాలో మేము ఆయనను పెద్దాయన అనుకొనేవాళ్ళం. ఎదుట మాత్రం ఆయన ఆ ఊరి పద్ధతి ప్రకారం పేరు పెట్టే పిలవమనేవారు, నాకు నోరు రాక ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చాను. ఆయన బల్ల మీద మూడు వస్తువులు ఉండేవి. షిఫ్టులో మధ్యలో ఆగిపోయిన కంప్యూటరు పనులను సమయంతో సహా రాసే లాగ్ పుస్తకం ఒకటి, ఫ్లాస్కు ఒకటి, చిన్న ట్రాన్సిస్టరు ఒకటి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆయన ట్రాన్సిస్టరు గొట్టం పైకి లాగేవారు.

ఆ రేడియోలో అరుపులు తప్ప మొదట నాకేమీ అర్థం కాలేదు. పెద్దాయన ప్రింటరు పక్కనున్న పెట్టెలోంచి ఆకుపచ్చ చారల కాగితాన్ని బారుగా లాగి బల్ల మీద పరిచారు. ఒక ఆకుపచ్చ పట్టీ, ఒక తెల్ల పట్టీ, మళ్ళీ ఆకుపచ్చ పట్టీ. ఇదే మైదానం అన్నారు. నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్ళీ నాలుగు వస్తాయి, పోలేకపోతే బంతి అవతలివాళ్ళ పరం. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, దాని వెనకే తన్నే తన్నుకు ఇంకొకటి. గీత దాకా పోలేమనిపిస్తే దూరం నుంచే స్తంభాల మధ్యకు తన్ని మూడు తెచ్చుకోవచ్చు. పెన్సిలుతో ఆయన ఒక్కో పట్టీ దాటిస్తుంటే నాకు క్రికెట్ కంటే మా ఊరి చెడుగుడే ఎక్కువగా గుర్తొచ్చింది. గీత దాటడం, పట్టుకొని పడేయడం, చెయ్యి చాపడం అనేవి చిన్నప్పుడు ఇసుకలో నేర్చుకున్న విద్యలే కదా.

జట్టు పేరు రామ్స్, అంటే పొట్టేళ్ళు. తలకు పెట్టుకొనే హెల్మెట్ మీద మెలి తిరిగిన కొమ్ములు గీసి ఉంటాయి. సంక్రాంతికి పొట్టేళ్ళ పందేలు చూసి పెరిగినవాడికి అంతకంటే ఏం కావాలి? మేమున్న అద్దె గదిలో నలుగురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం, మా ఇంట్లో ఆ జట్టుకు చివరిదాకా ‘పొట్టేళ్ళు’ అన్న పేరే నిలిచింది.

* * *

పెద్దాయనకు ఈ జట్టు మీద నమ్మకం లేదు. ముందటి ఏడాది పదహారు ఆటల్లో నాలుగే గెలిచింది. అసలు సంగతి అది కూడా కాదు. ఆ ఊరికి అంతకుముందు కార్డినల్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఉండేది. అదే పేరుగల బేస్‌బాల్ జట్టు వేరు, దానిని ఆ ఊరివాళ్ళు దేవుడి తరువాత దేవుడిలా చూస్తారు. ఫుట్‌బాల్ కార్డినల్స్ 1960 నుంచి ఇరవై ఎనిమిది సీజన్లు ఆడి, సొంత ఊళ్ళో ఒక్క ప్లేఆఫ్ ఆటైనా, అంటే సీజన్ చివర ఓడితే ఇంటికి పోవలసిన ఆటైనా, ఆడకుండానే, 1988లో అరిజోనాకు వెళ్ళిపోయింది. ఆయన నడివయసంతా ఆ జట్టుతోనే గడిచింది. రామ్స్ కూడా లాస్ ఏంజెలస్ నుంచి 1995లో వచ్చినవాళ్ళే, అంతకుముందు క్లీవ్‌లాండ్ నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళే. వచ్చినవాళ్ళు పోతారు, నేను టోపీ కొనను, రేడియో మాత్రం వింటాను అనేవారు పెద్దాయన. అద్దె ఇంట్లో, అద్దె సామానుతో, మూడేళ్ళ వీసా మీద ఉన్న నేను ఆ మాటకు ఏమీ అనలేకపోయేవాణ్ణి.

ఆయన అన్నంతా అయింది. 2016లో జట్టు తిరిగి లాస్ ఏంజెలస్‌కే పోయింది. ఊరు దావా వేసింది, 2021లో 79 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. జట్టు పోయేనాటికే పెద్దాయన లేరు. ఒకే మనిషి ఒకే ఊళ్ళో ఉండి రెండు జట్లను పోగొట్టుకోవడం చూడకుండా పోయారు కదా అని నాకు ఊరటగానే అనిపించింది.

* * *

ఆ ఏడు జట్టు పెట్టుకున్న ఆశంతా ట్రెంట్ గ్రీన్ మీద. ఆ ప్రాంతంలో చదివి పెరిగిన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, వేరే జట్టు నుంచి డబ్బు పోసి తెచ్చుకున్న సొంత ఊరివాడు. సీజన్ మొదలుకాకముందు, లెక్కలోకి రాని ఒక సన్నాహక ఆటలో అవతలివాడొకడు వచ్చి కాళ్ళను ఢీకొంటే మోకాలు పోయింది. ఏడాదంతా ఆడలేడన్నారు. కోచ్ డిక్ వర్మీల్, అరవై దాటిన మనిషి, కెమెరాల ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు. కర్ట్ వార్నర్ వెనుక అందరం నిలబడతాం, మంచి ఆట ఆడతాం అన్నారు. మగవాడు నలుగురిలో ఏడవకూడదని విని పెరిగిన నాకు ఆ దృశ్యం కంటే, దాన్ని ఎవరూ ఎగతాళి చేయకపోవడం ఎక్కువ ఆశ్చర్యమనిపించింది.

వార్నర్ ఎవరని అడిగితే పెద్దాయన భుజాలెగరేశారు. ముందటి ఏడాదంతా కలిపి పదకొండు బంతులు విసిరాడట. ఆ తరువాత పత్రికలు కథంతా తవ్వి తీశాయి. జట్లు కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకొనే డ్రాఫ్టులో అతణ్ణి ఎవరూ ఎంచుకోలేదు. గ్రీన్ బేలో ప్రయత్నిస్తే పంపించేశారు. అయోవాలో హై-వీ అనే కిరాణా దుకాణంలో రాత్రి షిఫ్టులో గంటకు ఐదున్నర డాలర్లకు అరల్లో సరుకులు సర్దాడు. కప్పు కింద ఆడే చిన్న ఫుట్‌బాల్‌లో ఆడాడు, ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్ళి ఆడాడు. కొత్తగా ఏర్పడిన క్లీవ్‌లాండ్ జట్టు కావలసినవాణ్ణి తీసుకోవచ్చని రామ్స్ అతణ్ణి వదిలిపెట్టినా, వాళ్ళూ తీసుకోలేదు.

మా గదిలో అప్పటికి ఇద్దరు ప్రాజెక్టు దొరక్క బెంచి మీద ఉన్నారు. రోజూ ఫోన్ దగ్గర కూర్చొని, ఏ క్లయింటైనా పిలుస్తాడేమోనని చూస్తూ, బియ్యం కడగడానికి వంతులు వేసుకొనేవారు. వార్నర్ కథ ఉన్న పత్రిక కాగితాన్ని వాళ్ళు కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అతికించారు. దాని పక్కనే వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉండేది. రెంటికీ అగరువత్తి పొగ సమానంగా తగిలేది.

* * *

అక్టోబరులో పెద్దాయనకు ఎవరో ఇచ్చిన రెండు టిక్కెట్లలో ఒకటి నాకిచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కోతో ఆట. ఆ జట్టు చేతిలో రామ్స్ వరుసగా పదిహేడుసార్లు ఓడారు. మెట్రోలింక్ రైలు దిగి డోము లోపలికి నడిచాను. దానికి అప్పుడు ఒక విమాన సంస్థ పేరు మీద ట్రాన్స్ వరల్డ్ డోము అని పేరు. ఇప్పుడు ఆ విమాన సంస్థా లేదు, ఆ పేరూ లేదు. కప్పు మూసిన ఆ కట్టడంలో అరవై వేల గొంతులు ఒకేసారి లేస్తే ఆ చప్పుడు చెవులకంటే ముందు పక్కటెముకలకు తెలుస్తుంది.

రేడియోలో విన్న పేర్లన్నిటికీ ఆ రోజు ముఖాలు దొరికాయి. బంతితో పరుగెత్తేవాడు మార్షల్ ఫాక్. వీడు నిలబడ్డ చోటే ఎడమకా కుడికా అన్నట్టు ఒక అరక్షణం ఊగేవాడు, పట్టుకోబోయినవాడి చేతుల్లో గాలి మిగిలేది. టోరీ హోల్ట్ ఆ ఏడే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు. ఐజాక్ బ్రూస్ పరుగెడుతుంటే పాదాల చప్పుడు ఉండదేమోననిపించేది. మొదటి పావుభాగంలోనే వార్నర్ అతనికి మూడు టచ్‌డౌన్లు విసిరాడు, ఆట ముగిసేసరికి అవి నాలుగయ్యాయి. 42-20. టచ్‌డౌన్ అయిన ప్రతిసారీ ఆటగాళ్ళు కోలాటానికి చేరినట్టు గుండ్రంగా చేరి, ముష్టియుద్ధం చేసేవాళ్ళలా తలలు ఊపుతూ ఒక ఆట ఆడేవారు. మరుసటి ఏడు లీగ్‌వాళ్ళు అలాంటి సంబరాలకు శిక్ష వేయడం మొదలుపెట్టారు. సంతోషానికి కూడా నిబంధన రాసేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

పెద్దాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆట అయ్యాక కుర్చీలోంచి లేవకుండా, ఖాళీ అవుతున్న డోమును చాలాసేపు చూశారు.

* * *

దీపావళి ఆ సంవత్సరం ఆదివారం వచ్చింది. వరుసగా ఆరు గెలిచిన పొట్టేళ్ళు ముందటి వారం టెనెసీ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడి, ఆ రోజు డెట్రాయిట్‌లో ఆడుతున్నారు. ఆట చివరలో మనవాళ్ళు ముందున్నారు. అవతలివాళ్ళకు చివరి అవకాశం, పోవలసిన దూరం ఇరవై ఆరు గజాలు. పెద్దాయన అయిపోయిందన్నట్టు ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు. ఆ బంతి యాభై గజాలకు పైగా పోయింది. మరి కాసేపటికి 31-27తో ఓడిపోయాం. సాయంత్రం గదికి పోయి కొవ్వొత్తులు వెలిగించుకున్నాం. టపాకాయలు కాల్చనివ్వరు కాబట్టి కాకరపువ్వొత్తులైనా లేవు. వరంగల్లు అన్న చేసిన పాయసం అడుగంటింది. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఆ తరువాత నెలన్నర పాటు వాళ్ళు మళ్ళీ ఓడలేదు.

డిసెంబరు 31న మధ్యాహ్నం పన్నెండున్నరకు, అంటే ఇండియాలో నడిరేయి దాటిన క్షణాన, ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. కరెంటుందా అని అడిగాను. ఉందిరా, ఎందుకుండదు అంది అమ్మ. రాత్రి పన్నెండుకు యంత్రాల గదిలో పదిహేనుమందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. తేదీ 00కు మారింది. ప్రింటరు మామూలుగా మోగింది. పెద్దాయన లాగ్ పుస్తకంలో సమయం రాసి, పక్కన సమస్యలేమీ లేవని రాసి, సంతకం పెట్టారు. ఏడాది పాటు మేము చేసిన కష్టమంతా ఆ ఒక్క వాక్యానికే. రెండు రోజుల తరువాత ఫిలడెల్ఫియాలో పొట్టేళ్ళు ఓడారు, కాని అప్పటికే ప్లేఆఫ్స్ స్థానం ఖాయమైపోయింది. 13 గెలుపులు, 3 ఓటములు. వార్నర్ ఆ సీజన్‌లో విసిరిన టచ్‌డౌన్లు 41.

* * *

సంక్రాంతి వారంలో మిన్నెసోటాతో ఆట. ఆ ఊళ్ళో జరిగిన మొట్టమొదటి ఫుట్‌బాల్ ప్లేఆఫ్ ఆట అది. పెద్దాయన ఆ రోజు షిఫ్టుకు నల్ల కోటు వేసుకొని వచ్చారు. ఎందుకని అడగలేదు. పొట్టేళ్ళ మొదటి ప్రయత్నంలోనే వార్నర్ విసిరిన బంతిని బ్రూస్ పట్టుకొని 77 గజాలు పరుగెత్తాడు. ఆట సగమయ్యేసరికి మాత్రం మిన్నెసోటా 17-14తో ముందుంది. విరామం తరువాత తన్నిన బంతిని టోనీ హోర్న్ అందుకొని ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చేశాడు. ఇక వరద. 49-37తో ముగిసింది కాని ఆ అంకె అవతలివాళ్ళ పరువు నిలిపినట్టు ఉంటుంది, వాళ్ళవి చాలావరకు చివర్లో వచ్చినవే. ఆ రాత్రి అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, పొట్టేళ్ళు గెలిచాయా అని. మా నాన్న ఏ పందెం గురించో అనుకొని అవతల కంగారుపడ్డారట.

తరువాతి ఆట టాంపా బేతో. అంతకుముందు వారం వరదలా పారినవాళ్ళకు ఆ రోజు చుక్క నీరు పుట్టలేదు. సగమయ్యేసరికి 5-3, ఆ తరువాత 5-6. గదిలో నలుగురం అన్నం ముందు పెట్టుకొని చల్లార్చుకున్నాం. రాజమండ్రి మిత్రుడికి అప్పటిదాకా ఈ ఆటంటే చిరాకు. ఏమిటండీ ఇది, నాలుగు క్షణాలు ఆడి నలభై క్షణాలు నిలబడతారు అనేవాడు. ఆ రోజు మాత్రం ఆ నలభై క్షణాలూ గోళ్ళు కొరికాడు. ఇంకా ఐదు నిమిషాలైనా లేదనగా, సీజనంతా ఎవరి నోటా పెద్దగా వినబడని రికీ ప్రోల్, ఎడమ అంచున ఒక చేత్తో బంతిని ఒంటికి అదుముకుంటూ గీత లోపల పడ్డాడు. 11-6. నాకు ఆ సీజన్‌లో అన్నిటికంటే నచ్చిన ఆట ఏదంటే నలభై తొమ్మిది కొట్టిన ఆట చెప్పను, పదకొండు కొట్టిన ఈ ఆటే చెబుతాను.

* * *

సీజన్ ఆఖరి పోరు సూపర్ బౌల్ రోజున పెద్దాయన మా నలుగురినీ ఇంటికి రమ్మన్నారు. బీరు కర్మాగారానికి నాలుగు వీధుల అవతల ఎర్ర ఇటుకల ఇల్లు. లోపలికి వెళ్ళగానే అదే వాసన, దాని మీద వెన్న వాసన. మాలో ఇద్దరు మాంసం తినరని ఆయన ముందే చెప్పి ఉంచారు కాబోలు, వాళ్ళావిడ ఆ ఊరి ప్రత్యేకమైన వేయించిన రావియోలీలను మా కోసం జున్ను పెట్టి వేరుగా చేయించారు. గూయీ బటర్ కేకు కూడా పెట్టారు. పాలకోవా, కేకు పెళ్ళి చేసుకుంటే పుట్టే బిడ్డలా ఉంటుందది.

ఆట అట్లాంటాలో, అక్టోబరు చివరలో ఓడించిన అదే టెనెసీతో. మొదటి సగమంతా పొట్టేళ్ళు గీత దగ్గరదాకా పోవడం, దాటలేక మూడేసి పాయింట్లతో తిరిగి రావడం. 9-0. తరువాత హోల్ట్ టచ్‌డౌన్‌తో 16-0. వేడుక మొదలుపెడదామనుకొనేలోగా టెనెసీ లేచింది. ఎడ్డీ జార్జ్ అనే కొండలాంటి మనిషి రెండుసార్లు గీత దాటాడు. ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు 16-16. ఎవరూ మాట్లాడలేదు. ఆ వెంటనే మొదటి ప్రయత్నంలో, మీదికి దూకుతున్నవాడి చెయ్యి తగులుతుండగా వార్నర్ విసిరిన బంతి కొంచెం పొట్టిగా పడింది. బ్రూస్ వెనక్కి తిరిగి, ఆగి, అందుకొని, 73 గజాలు పోయాడు. 23-16. వరంగల్లు అన్న పెద్దాయనను ఎత్తేశాడు.

పెద్దాయన మాత్రం, ఇంకా సమయం ఉంది, కూర్చోండి అన్నారు.

స్టీవ్ మెక్‌నేర్ తన జట్టును ఆ కొస నుంచి నడిపించుకు వచ్చాడు. ఇద్దరు పట్టుకున్నా జారి, చేయి నేలకు ఆనించి, నిలబడి, విసిరాడు. బంతి పది గజాల గీత దగ్గర ఆగింది. మిగిలింది ఆరు క్షణాలు, ఒకే ఒక్క ప్రయత్నం. బంతి కెవిన్ డైసన్‌కు అందింది. వేరొకణ్ణి కాపలా కాస్తున్న మైక్ జోన్స్ ఆఖరి క్షణంలో తల తిప్పి చూసి, వెనక్కి మళ్ళి, డైసన్ కాళ్ళు చుట్టేశాడు. పడిపోతూ డైసన్ బంతిని చేత్తో ముందుకు చాచాడు. నేను సోఫాలోంచి లేచి అరిచిన మాట తెలుగులో ఉంది, ‘పట్టు, పట్టు’ అని. చెడుగుడులో గీత అందుకోవడానికి చెయ్యి చాచినవాణ్ణి నడుం దగ్గర పట్టుకొని వేలాడిన సాయంత్రాలన్నీ ఆ మాటలో ఉన్నాయి. చెయ్యి నేలకు తగిలింది. గీత ఒక గజం అవతల ఉంది.

వీధిలో కార్ల హారన్లు మొదలయ్యాయి. ఎవరో వంటింటి గిన్నెలు తెచ్చి వాకిట్లో కొడుతున్నారు. మైక్ జోన్స్ మన మిస్సోరీలో పుట్టినవాడే, మన విశ్వవిద్యాలయంలోనే ఆడాడు అని పెద్దాయన రెండుసార్లు చెప్పారు. ఆ ‘మన’లో మేము కూడా ఉన్నామో లేదో నేను అడగలేదు. ఆవిడ మాకు మిగిలిన కేకు కాగితంలో చుట్టి ఇచ్చారు. గదికి వచ్చి ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ పొద్దున్నే కాఫీ వేళ.

మరునాడు ఆఫీసుకు వెళ్ళేసరికి పెద్దాయన షిఫ్టు ముగిస్తున్నారు. నెత్తిన నీలం పసుపు టోపీ ఉంది, కొన్న చీటీ ఇంకా దానికి వేలాడుతూనే ఉంది. ఆకుపచ్చ చారల కాగితాన్ని ఒక బారెడు లాగి, బల్ల మీద పరిచి, అంచుకు ఒక్క పట్టీ ఇవతల పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టారు. దాన్ని మడిచి లాగ్ పుస్తకంలో ఆ రోజు పేజీలో ఉంచారు. పేజీలో సమయం రాసి, సమస్యలేమీ లేవని రాసి, సంతకం పెట్టి, పుస్తకం నా వైపు జరిపారు.